బరువులు పట్టేవారికి వేళ్ళ తిమ్మిరి, అరచేతి నొప్పి: ఒక్కొక్క మెట్టుగా ఏం చేయాలి

డెడ్‌లిఫ్ట్, పుల్‌అప్స్, రోయింగ్, రెండు చేతులా డంబెల్స్ పట్టుకుని నడవడం వంటి కసరత్తులలో వీపూ తొడలూ అలసిపోకముందే చేతులు మొరాయిస్తాయి. ఎత్తే బరువు ఎంతదైనా అది ఒంటికి చేరేది వేళ్ళ పట్టు ద్వారానే కాబట్టి, నెలల తరబడి ఈ కసరత్తులు చేసేవారికి మూడు రకాల ఇబ్బందులు ఎదురవుతాయి. అరచేతి చర్మం కాయలు కాచి చీలడం మొదటిది. వేళ్ళను ముడిచే కండరాలను ఎముకకు కలిపే స్నాయువులు వాచి నొప్పి పెట్టడం రెండవది. నరం నొక్కుకుపోయి వేళ్ళు తిమ్మిరెక్కడం మూడవది. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి, మందుల దుకాణంలో ఒక నొప్పి మాత్ర కొనుక్కుని, మర్నాడు మళ్ళీ అదే బరువు ఎత్తడం వల్లనే చిన్న ఇబ్బంది ముదురుతుంది. చర్మం చీలితే కట్టు కట్టుకుని, పచ్చి ఆరేదాకా లాగే కసరత్తులు ఆపి, మిగిలినవి కొనసాగించవచ్చు. స్నాయువు నొప్పి పెడితే బరువు తగ్గించాలి. నరం తిమ్మిరెక్కితే మాత్రం ఆ తిమ్మిరిని తెచ్చే పనిని ఆపాలి. అందుకే మందు కంటే ముందు, విశ్రాంతి కంటే కూడా ముందు, మీ బాధ ఈ మూడింటిలో ఏదో తేల్చుకోవడం అవసరం.

మొదటి మెట్టు: తిమ్మిరి ఏ వేలిదో చూసుకోండి

‘చెయ్యంతా తిమ్మిరిగా ఉంది’ అని చెప్పేవారిని కూర్చోబెట్టి ఒక్కొక్క వేలినీ అడిగితే, చాలాసార్లు అది రెండు మూడు వేళ్ళకే పరిమితమై ఉంటుంది. కళ్ళు మూసుకుని, ఇంట్లో మరొకరిచేత దూది పీచుతో ప్రతి వేలి కొసనూ మెల్లగా తాకించుకోండి. రెండవ చేతి వేలితో పోల్చి, స్పర్శ ఎక్కడ మందగించిందో కాగితం మీద రాసుకోండి. చేతి వెనుకవైపును కూడా మరచిపోకండి. సూదితో పొడిచి చూడడం అనవసరం.

బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలిలో నడిమి వేలి వైపు సగం తిమ్మిరెక్కితే అది మీడియన్ నరానికి సంబంధించినది. ఈ నరం మణికట్టు లోపలివైపు ఒక ఇరుకైన సొరంగం గుండా, వేళ్ళను ముడిచే తొమ్మిది స్నాయువులతో పాటు అరచేతిలోకి వస్తుంది. పట్టు కసరత్తుతో ఆ స్నాయువుల పొరలు వాస్తే, చోటు చాలక నలిగేది నరమే. వేళ్ళు తిమ్మిరెక్కినా అరచేతి మెత్తటి భాగంలో స్పర్శ మామూలుగానే ఉండడం దీని గుర్తు, ఎందుకంటే అరచేతికి వెళ్ళే చిన్న శాఖ ఆ సొరంగంలోకి దిగకముందే విడిపోతుంది. రాత్రి నిద్రలో మెలకువ వచ్చి చెయ్యి విదిలించుకోవాలనిపించడం కూడా దీనిలోనే ఎక్కువగా కనిపిస్తుంది.

చిటికెన వేలూ, ఉంగరపు వేలిలో దాని వైపు సగమూ తిమ్మిరెక్కితే అది అల్నార్ నరం. మోచేయి గోడకు తగిలినప్పుడు జివ్వుమని కరెంటు కొట్టినట్టయ్యే నరం ఇదే. ఇది రెండు చోట్ల నలగవచ్చు: మోచేయి లోపలి ఎముక వెనుక ఒకచోట, మణికట్టు వద్ద చిటికెన వేలి వైపు అరచేతి మడమలో మరొకచోట. రెండింటినీ వేరు చేయడానికి ఒక తేలిక ఉపాయం ఉంది. చిటికెన వేలి వైపు చేతి వెనుక భాగం కూడా తిమ్మిరెక్కితే నలుగుడు మోచేతి దగ్గర అయి ఉండవచ్చు. చేతి వెనుక బాగానే ఉండి వేళ్ళ లోపలివైపు మాత్రమే మొద్దుబారితే మణికట్టు దగ్గర అయి ఉండవచ్చు. మొదటిది మోచేయి బాగా ముడిచి చేసే బైసెప్ కర్ల్స్, పుల్‌అప్స్ వల్లా, రెండవది అరచేతి మడమ మీద భారం వేసే దండీలు, డిప్స్ వల్లా ఎక్కువవుతుంది.

బొటనవేలి వెనుకా, దానికీ చూపుడు వేలికీ మధ్య చేతి వెనుక భాగంలోనూ మంటగానో తిమ్మిరిగానో ఉంటే, రేడియల్ నరపు పైపొర శాఖను మణికట్టు మీద ఏదో నొక్కుతోంది. ఇందులో కసరత్తు తప్పు చాలాసార్లు తక్కువే. బిగుతైన గడియారం, కడియం, బరువులకు చుట్టే స్ట్రాప్స్ దోషమే ఎక్కువ. వాటిని తీసేస్తే చాలామందికి సర్దుకుంటుంది.

రెండవ మెట్టు: బలం తగ్గిందేమో పరీక్షించుకోండి

స్పర్శ మందగించడం కంటే బలం తగ్గడం పెద్ద విషయం. ఒక కాగితాన్ని బొటనవేలికీ చూపుడు వేలి పక్కకీ మధ్య పట్టుకుని, ఎదుటివారిని లాగమనండి. కాగితాన్ని నిలుపుకోవడానికి బొటనవేలి కొస కణుపు దానంతటదే ముడుచుకుపోతే, అల్నార్ నరం నడిపే కండరాలు బలహీనపడ్డాయని అర్థం. తరువాత బొటనవేలి కొసనూ చూపుడు వేలి కొసనూ కలిపి గుండ్రటి సున్నా చుట్టండి. సున్నా చుట్టలేక వేళ్ళు చదునుగా అతుక్కుంటే మీడియన్ నరపు శాఖ ఒకటి దెబ్బతిన్నదని అనుమానించాలి. ఈ రెండింటిలో ఏది తేలినా మిగిలిన మెట్లు చదువుతూ కూర్చోకుండా డాక్టరును కలవండి.

బలం బాగానే ఉంటే మరి రెండు పరీక్షలు చేసుకోవచ్చు. రెండు చేతుల వెనుక భాగాలనూ ఎదురెదురుగా ఆనించి, వేళ్ళు నేలవైపు ఉండేలా మణికట్లు ముడిచి ఒక నిమిషం ఉంచండి. ఆ నిమిషంలో మొదటి మూడు వేళ్ళకు తిమ్మిరి వస్తే మణికట్టు సొరంగం మీద అనుమానం బలపడుతుంది. అలాగే మోచేయి పూర్తిగా ముడిచి ఒక నిమిషం ఉంచినప్పుడు చిటికెన వేలికి తిమ్మిరి వస్తే నలుగుడు మోచేతి దగ్గర ఉన్నట్టు. మెడను పక్కకు వంచినప్పుడో వెనక్కి వాల్చినప్పుడో తిమ్మిరి భుజం నుంచి జారి వేళ్ళలోకి వస్తే, మూలం మెడ ఎముకల దగ్గర ఉండవచ్చు. అప్పుడు చేతికి ఎన్ని కట్లు కట్టినా ప్రయోజనం ఉండదు. ఈ పరీక్షలను ఒకసారి చేసుకుంటే చాలు. రోజూ చేసి చూసుకోవడమంటే నలిగిన నరాన్ని రోజూ నలపడమే.

మూడవ మెట్టు: కసరత్తు కాని కారణాలను తోసిపుచ్చుకోండి

జిమ్‌కు వెళ్ళేవారికి వచ్చే ప్రతి తిమ్మిరీ జిమ్ వల్ల వచ్చినది కాదు. షుగరు, థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, స్త్రీలలో గర్భం ఇవన్నీ వేళ్ళకు తిమ్మిరి తెస్తాయి. రెండు చేతులూ ఒకేసారి మొద్దుబారినా, పాదాలు కూడా మండుతున్నా, ముందుగా రక్త పరీక్షలు చేయించుకోవడం మంచిది. శాకాహారులు బి12 సంగతి తప్పక చూసుకోవాలి.

మన నల్లగొండ ప్రాంతం వారు మరొక విషయం గుర్తుంచుకోవాలి. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు దశాబ్దాలపాటు బోరు నీళ్ళు తాగి పెరిగిన కుటుంబాలలో ఎముకల ఫ్లోరోసిస్ ఉంది. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే విధానానికి ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరు స్థిరపడిందంటే, ఆ బాధ ఈ జిల్లాకు ఎంత పాతదో తెలుస్తుంది. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. అంతకు మించిన నీటిని ఏళ్ళ తరబడి తాగినప్పుడు వెన్నెముక బిగుసుకుని, దాని బంధనాలు గట్టిపడి, వెన్నుపామునూ నరాలనూ నొక్కవచ్చు. కాబట్టి మెడ తిరగకపోవడం, నడుము వంగకపోవడం, కాళ్ళు బిగుసుకోవడం వంటివి వేళ్ళ తిమ్మిరితో పాటు ఉంటే, అది పుల్‌అప్స్ వల్ల వచ్చిందని మీకు మీరే తీర్మానించుకోకండి.

ఇంకొకటి. చర్మం మీద రంగు తగ్గిన మచ్చ ఉండి, ఆ మచ్చ మీద స్పర్శ లేకుండా, చిటికెన వేలు కూడా మొద్దుబారితే కుష్ఠును తోసిపుచ్చుకోవాలి. మోచేతి దగ్గరి అల్నార్ నరాన్ని ఆ వ్యాధి తరచుగా పట్టుకుంటుంది. దానికి మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరుకుతాయి, తొందరగా మొదలుపెడితే వేళ్ళు వంకరపోవు. కాబట్టి సిగ్గుపడి దాచుకోవలసిన అవసరం లేదు.

నాలుగవ మెట్టు: రోజంతటి పట్టును లెక్కలోకి తీసుకోండి

జిమ్‌లో గడిపేది ఒక గంట. చేతులు పని చేసేది పగలంతా. పత్తి ఏరే రోజుల్లో వేల కాయలను గిల్లిన వేళ్ళతో, గేదెల పాలు పితికిన పిడికిళ్ళతో, మిర్యాలగూడ మిల్లుల దగ్గర బస్తాలు మోసిన చేతులతో, మోకు బిగించి తాడి ఎక్కి దిగిన చేతులతో సాయంత్రం పుల్‌అప్స్ తీస్తే, ఆ స్నాయువులకు అది రెండవ పూట పని అవుతుంది. పుట్టపాక, గట్టుప్పల వంటి ఊళ్ళలో మగ్గం నేసేవారికీ, చిటికి కట్టేవారికీ (రంగు అద్దడానికి నూలుకు ముడులు వేసేవారికీ) ఇదే వర్తిస్తుంది. రోజూ గంటసేపు బైకు మీద వెళ్ళేవారికి హ్యాండిల్ అదురు, క్లచ్ నొక్కుడు అరచేతి మడమ మీదే పడతాయి. పడుకుని మోచేయి ముడిచి ఫోను చూడడం అల్నార్ నరానికి అన్నింటికంటే చేటు, అయినా దానిని ఎవరూ పనిగా లెక్కపెట్టరు.

పని మానలేరు కాబట్టి తగ్గించవలసింది కసరత్తులోనే. పత్తి ఏరే వారాల్లో పట్టు కసరత్తులను వారానికి ఒక రోజుకు తగ్గించి, మిగిలిన రోజుల్లో బస్కీలు, పరుగు, పొట్ట కసరత్తులు చేయండి. బైకు హ్యాండిల్‌ను ఊతకు మాత్రమే పట్టుకోండి, బిగించకండి. మణికట్టు విరిచినట్టు పైకి వంగకుండా, ముంజేయీ చేతి వెనుక భాగమూ ఒకే వరుసలో ఉండేలా కూర్చోండి.

ఐదవ మెట్టు: పట్టును సరిచేయండి

ఎక్కువ మందికి ఫలితం కనిపించేది ఇక్కడే, కనుక దీనికి కొంత ఎక్కువ సమయం ఇవ్వండి.

ముందుగా బార్ లావు చూడండి. బార్‌బెల్ పురుషులకు 28 మిల్లీమీటర్లు, స్త్రీలకు 25 మిల్లీమీటర్లు ఉండడం పోటీల కొలత. మన ఊళ్ళలో మైదానాల పక్కన, ఇంటి పెరళ్ళలో వెల్డింగు చేయించుకున్న పుల్‌అప్ బార్లు మాత్రం చాలాసార్లు నీళ్ళ పైపులతో చేసినవి. పైపును లోపలి రంధ్రం కొలతతో పిలుస్తారన్న సంగతి తెలియక ‘ఒకటిన్నర అంగుళాల పైపు’ అడిగి తెచ్చుకుంటే, దాని బయటి లావు 48 మిల్లీమీటర్లు ఉంటుంది. వేళ్ళు బొటనవేలిని కలుసుకోలేనంత లావు అది. మామూలు చేతులవారు దాన్ని జారనివ్వకుండా అవసరానికి మించి పిసకవలసి వస్తుంది. అంగుళం పైపు బయటి లావు 33, 34 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, అదే చాలామందికి సరిపోతుంది. పైపు వంగుతుందన్న భయం ఉంటే లావు పెంచకుండా మందం ఎక్కువ ఉన్న రకాన్ని అడగండి, రెండు స్తంభాల మధ్య దూరాన్ని తగ్గించండి.

తరువాత బార్ అరచేతిలో ఎక్కడ కూర్చుంటోందో చూడండి. బార్‌కు కొంచెం చాక్ పొడి పూసి, మీరు మామూలుగా పట్టుకున్నట్టే ఒకసారి పట్టుకుని, వేలాడి, చేయి తెరిచి చూసుకోండి. తెల్లటి గీత అరచేతి మధ్య మడతల మీద పడితే పట్టు తప్పు. బరువు కిందికి లాగేకొద్దీ బార్ అరచేతి నుంచి వేళ్ళ మొదళ్ళకు జారుతుంది, దారిలో ఉన్న చర్మాన్ని మడత పెట్టి నలుపుతుంది, ఆ మడతలోనే కాయ కాచి ఒకరోజు తోలు లేస్తుంది. గీత వేళ్ళు అరచేతిలో కలిసే చోట పడేలా మొదటి నుంచే పట్టుకుంటే బార్ జారడానికి చోటుండదు. ఇది లాగే కసరత్తులకు మాత్రమే. బెంచ్ ప్రెస్, తల మీదికి బరువు నెట్టడం వంటివాటిలో ఇందుకు వ్యతిరేకంగా, బార్ అరచేతి మడమ మీద, ముంజేతి ఎముకలకు సరిగ్గా పైన ఉండాలి. వేళ్ళ వైపు ఉంటే మణికట్టు వెనక్కి విరిగి మీడియన్ నరం సాగుతుంది.

అవసరమైనంతే బిగించడం మూడవది. చెమట వల్ల జారే బార్‌ను ఎవరైనా ఎక్కువగా పిసుకుతారు, అందులోనూ ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు ఇనుము పొద్దున ఎనిమిది దాటితే చేయి కాలుస్తుంది. తెల్లవారకముందే కసరత్తు ముగించుకోవడం, రెండు సెట్ల మధ్య తువాలుతో చేతులూ బార్‌నూ తుడవడం, చాక్ వాడడం ఇందుకు ఉపాయాలు. చాక్ అంటే మెగ్నీషియం కార్బొనేట్. బడిలో బల్ల మీద రాసే సుద్ద ఆ పని చేయదు. ముగ్గుపిండి రుద్దుకునేవారూ ఉన్నారు, అందులోని గరుకు చర్మాన్ని గీకుతుంది తప్ప పట్టు పెంచదు. గ్లవ్స్ విషయంలో నా అభిప్రాయం ఇది. అవి చర్మాన్ని కాపాడే మాట నిజమే కానీ బార్ లావును పెంచి మరింత పిసికేలా చేస్తాయి, అందుకని తిమ్మిరి ఉన్నవారు లాగే కసరత్తులకు వాటిని పక్కన పెట్టడమే మేలు.

స్ట్రాప్స్ మాత్రం తిమ్మిరి ఉన్నవారికి నిజంగా ఉపయోగపడతాయి, పద్ధతిగా చుడితే. బొటనవేలి మొదట ఉన్న ఎముక మీద బిగించకుండా, మణికట్టు గీత మీదుగా చదునుగా, ఒక వేలు దూరేంత వదులుగా చుట్టండి. సెట్ అయిన వెంటనే విప్పండి. కడియం, గడియారం ముందే తీసి పెట్టండి. బొటనవేలిని మిగిలిన వేళ్ళ కింద అదిమి పట్టే హుక్ పట్టు వాడేవారికి బొటనవేలి పక్కన తిమ్మిరి వస్తే, ఆ వేలి నరం బార్‌కూ వేళ్ళకూ మధ్య నలుగుతోందని అర్థం. సాగే టేపు చుట్టడం కొంత మేలు చేస్తుంది, అయినా తగ్గకపోతే కొన్ని వారాలు ఆ పట్టు మానాలి. చేతిమీద భారం వేసే దండీల వల్ల చిటికెన వేలు తిమ్మిరెక్కుతుంటే, అరచేతులు నేలకు ఆనించకుండా పిడికిళ్ళ మీదో, నిలువు పిడులు ఉన్న స్టాండ్ల మీదో చేయండి.

ఆరవ మెట్టు: చర్మం, స్నాయువులు

కాయలు అసలు ఉండకూడదని కాదు. అవి చుట్టూ ఉన్న చర్మం కంటే ఎత్తుగా ఉండకూడదు. స్నానం చేశాక మెత్తబడినప్పుడు గరుకు రాయితో వారానికి రెండుసార్లు అరగదీసి, రాత్రి పడుకునేముందు కొబ్బరినూనె రాసుకుంటే సరిపోతుంది. బ్లేడుతో కోయవద్దు, షుగరు ఉన్నవారు రాయి కూడా జాగ్రత్తగా వాడాలి. తోలు లేచిపోతే సబ్బు నీళ్ళతో కడిగి, వేలాడే తోలును శుభ్రమైన కత్తెరతో తీసి, శుభ్రమైన పట్టీ వేసుకుని, పచ్చి ఆరేదాకా లాగే కసరత్తులు ఆపండి. పసుపు, సున్నం, బీడీ పొడి పెట్టకండి. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు తీసుకున్నారో గుర్తులేకపోతే, ముఖ్యంగా తుప్పు పట్టిన బార్ వల్ల గాయమైతే, ఆరోగ్య కేంద్రంలో అడగండి.

స్నాయువు నొప్పిని గుర్తుపట్టడం కష్టం కాదు: తిమ్మిరి ఉండదు, ఒక చోట వేలు పెట్టి చూపగలుగుతారు, పిడికిలి బిగించినప్పుడు పెరుగుతుంది. పొద్దున లేవగానే వేలు ముడుచుకుని ఉండి, తెరిచేటప్పుడు టక్కుమని విడిపోతే, ఆ వేలి మొదట అరచేతిలో స్నాయువు దూరే ఉంగరం బిగుసుకుందని అర్థం. దాన్ని బలవంతంగా లాగి తెరవకండి, రాత్రి వేలు చాపి ఉంచే చిన్న పట్టీ వేసుకుని పట్టు కసరత్తులు ఆపండి. బొటనవేలిని పిడికిట్లో ఉంచి మణికట్టును చిటికెన వేలి వైపు వంచితే బొటనవేలి మొదట భరించలేని నొప్పి వస్తే, డంబెల్‌ను నిలువుగా పట్టే కసరత్తులూ, చంకల కింద చేతులు వేసి పసిపిల్లలను ఎత్తడమూ కొన్నాళ్ళు మానండి. మోచేయి లోపలి ఎముక మీద నొప్పికి పూర్తి విశ్రాంతి కంటే తేలికపాటి భారం మేలు: ఒకటి రెండు కిలోల డంబెల్‌ను తొడ మీద ఆనించిన ముంజేతితో పట్టుకుని, మణికట్టును చాలా నెమ్మదిగా కిందికి దించి, రెండవ చేత్తో పైకి తెచ్చుకోవాలి. వేలాడుతుండగా వేలిలో ఫట్టుమని చప్పుడై వెంటనే వాచితే ఇవేవీ చేయకుండా డాక్టరుకు చూపించండి.

ఏడవ మెట్టు: తిమ్మిరి ఉన్న రెండు వారాలు

తిమ్మిరి తెచ్చే కసరత్తును రెండు వారాలు పూర్తిగా ఆపండి, మిగిలినవి ఆపకండి. మీడియన్ నరం బాధ అయితే రాత్రిపూట మణికట్టును తిన్నగా ఉంచే పట్టీ వేసుకోండి. పట్టీ మణికట్టును ఏ వైపుకూ వంచకూడదు, వేళ్ళను కదలనివ్వాలి. దీని ఫలితం తెలియడానికి రెండు వారాలు చాలకపోవచ్చు. బాధ పెరగకుండా ఉంటే నాలుగు నుంచి ఆరు వారాలు వాడండి. అల్నార్ నరం బాధ అయితే ఒక తువాలును మోచేతి చుట్టూ వదులుగా చుట్టి, నిద్రలో చెయ్యి పూర్తిగా ముడుచుకోకుండా చూసుకోండి. మీడియన్ నరం బాధ ఉన్నవారు పగటిపూట ఒకటి రెండుసార్లు, చేతిని పక్కకు చాపి, అరచేతిని పైకి ఉంచి, మణికట్టును మెల్లగా వెనక్కి వంచి వదలడం అయిదారుసార్లు చేయవచ్చు. తిమ్మిరి మొదలయ్యే స్థానానికి కొంచెం ముందే ఆగాలి. నరం కండరం కాదు, సాగదీస్తే బలపడదు.

‘నరం పట్టింది’ అని చెప్పి మోచేతి దగ్గర బొటనవేలితో నలిపించుకోవడం, నూనె కాచి రుద్దించుకోవడం ఈ సమయంలో చేయకూడదు. స్పర్శ తగ్గిన వేళ్ళకు వేడి తెలియదు, కాలి బొబ్బలెక్కాక గాని సంగతి బయటపడదు. మోచేయి లోపలివైపు మంచుగడ్డను నేరుగా అదిమి పెట్టడం కూడా తప్పే, అక్కడ నరం చర్మం కిందనే ఉంది.

నొప్పి మాత్రలను డాక్టరు చెప్పినన్ని రోజులే వాడండి. ఎండలో కసరత్తు చేసి, నీళ్ళు తక్కువ తాగి, ఆ మాత్రలు మింగడం మూత్రపిండాలకు చేటు. ఊళ్ళో ఆర్ఎంపీ రాసిచ్చిన ‘నరాల మాత్రలు’ నెలల తరబడి మింగేవారిని తరచుగా చూస్తుంటాం. వాటిలో చాలావరకు బి విటమిన్లు ఉంటాయి. అందులో బి6 మోతాదు ఎక్కువై ఎక్కువ కాలం వాడితే అదే నరాలను దెబ్బతీసి తిమ్మిరి తెస్తుంది. లోపం ఉందని రక్త పరీక్షలో తేలాకే వాటి జోలికి వెళ్ళండి.

ఎనిమిదవ మెట్టు: డాక్టరు దగ్గరికి ఎప్పుడు

పట్టు మార్చి, రెండు వారాలు (మీడియన్ నరానికి రాత్రి పట్టీ వాడుతుంటే ఆరు వారాల వరకు) ఆపినా తిమ్మిరిలో ఏ మార్పూ లేకపోయినా, అది వచ్చిపోకుండా రోజంతా నిలిచి ఉన్నా, గ్లాసు, తాళంచెవి చేతి నుంచి జారిపోతున్నా, బొటనవేలి మొదట ఉండే కండ రెండవ చేతికంటే పలచబడినా ఇక ఆలస్యం చేయకండి. నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట వైద్య కళాశాలల ఆసుపత్రులలో ఎముకల విభాగానికి వెళ్ళవచ్చు. యాదాద్రి వైపు వారికి బీబీనగర్ ఎయిమ్స్ దగ్గర. అక్కడ నరంలో సంకేతం ఎంత వేగంగా పోతోందో కొలిచే పరీక్షకు పంపవచ్చు; ఆరంభ దశలో అది మామూలుగా రావడం కూడా ఉంది, అంతమాత్రాన మీ బాధ అబద్ధం కాదు. నరపు పోగులు దెబ్బతిని మళ్ళీ పెరగవలసి వస్తే రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పునే పెరుగుతాయి, అందువల్ల మోచేతి దగ్గర ముదిరిన బాధ వేలి కొస వరకు తగ్గడానికి నెలలు పడుతుంది. తొందరగా చూపించుకోమనడం అందుకే.

వీటిలో అదే రోజు ఆసుపత్రికి వెళ్ళవలసినవి కొన్ని ఉన్నాయి. అలవాటు లేని పుల్‌అప్స్ ఒక్కరోజే మితిమీరి తీశాక ముంజేయి రాయిలా గట్టిపడి, వేళ్ళు చాపితే ప్రాణం పోయేంత నొప్పి రావడం, ఆపై మూత్రం టీ డికాషన్ రంగులో రావడం కండరాలు చితికిపోయిన గుర్తులు. చేతి తిమ్మిరితో పాటు నడక తడబడడం, మూత్రం మీద అదుపు తప్పడం వెన్నుపాముకు సంబంధించినవి. చీలిన అరచేతి నుంచి ఎర్రటి చార ముంజేతి పైకి పాకుతూ జ్వరం రావడం చీము నెత్తురులోకి ఎక్కుతున్న సూచన.

తొమ్మిదవ మెట్టు: తిరిగి మొదలుపెట్టడం

తిమ్మిరి పూర్తిగా పోయి ఒక వారం గడిచాక మొదలుపెట్టండి. మొదటి వారం పాదాలు నేలకు లేదా బల్లకు ఆనించి, ఒంటి బరువులో కొంతే చేతుల మీద పడేలా వేలాడండి. రెండవ వారం మునుపటి బరువులో సగంతో రోయింగ్, డెడ్‌లిఫ్ట్ చేయండి. ఆ రెండింటినీ ఒకే రోజు పెట్టుకోకండి. అక్కడి నుంచి వారానికి పదోవంతుకు మించి పెంచవద్దు, వారం మధ్యలో పెంచవద్దు. ప్రతి పట్టు కసరత్తు తరువాత ఐదు వేళ్ళ చుట్టూ రబ్బరు బ్యాండు వేసుకుని, వేళ్ళు విప్పి మూయడం ఇరవైసార్లు చేయండి. రోజంతా ముడిచే చేతికి తెరిచే పని కూడా కావాలి. తిమ్మిరి మళ్ళీ వచ్చిన రోజున ఆ సెట్‌ను పూర్తి చేయాలన్న పంతం పెట్టుకోకుండా అక్కడే దించి, తరువాతి వారం ఒక మెట్టు కిందికి దిగండి.

అగ్నివీర్ ర్యాలీకి సిద్ధమవుతున్నవారికి ఇక్కడ ఒక చిక్కు ఉంది. బీమ్ మీద పది పుల్‌అప్స్‌కు పూర్తి 40 మార్కులు కాబట్టి ర్యాలీకి ముందు వారం రోజూ ఓపిక ఉన్నంతవరకు తీస్తారు, అరచేతులు చీల్చుకుని మైదానానికి వెళ్తారు. చివరి వారంలో కొత్తగా పెరిగే బలమేమీ ఉండదు. ఆ వారం రోజు విడిచి రోజు, మీరు తీయగలిగిన సంఖ్యలో సగం చొప్పున రెండు మూడు సెట్లు మాత్రమే తీసి, చివరి రెండు రోజులు బార్ ముట్టకుండా, కాయలు అరగదీసి నూనె రాసుకుని, రాత్రి ఫోను పక్కన పెట్టి చేతులు చాపుకుని పడుకోండి.